కిల్డోనన్ అనే స్కాట్లాండ్ పారిష్, దాని పాత గెజిటీర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గెజిటీర్ అంటే గెజెట్ లాంటిదేనా?

కాదండి. గెజెట్ అంటే ప్రభుత్వం ఉత్తర్వులు అచ్చు వేసే పత్రిక, మన గెజిటెడ్ ఆఫీసరు సంతకం గోల అంతా అక్కడి నుంచి వచ్చిందే. గెజిటీర్ అంటే ఊళ్ళ నిఘంటువు అనుకోండి. అక్షర క్రమంలో ఊరి పేరు, అది ఏ కౌంటీలో ఉంది, దగ్గరి పట్నం ఎంత దూరం, ఏ నది పారుతుంది, భూమి ఎవరిది, చర్చిలో ఎంతమంది పడతారు, బడి ఉందా, జనాభా ఎంత, ఇలా వరసగా ఉంటుంది. రెండు మాటలకీ చుట్టరికం లేకపోలేదు. 17వ శతాబ్దం చివర్లో వార్తాపత్రికలు రాసేవాళ్ళకి దూరదేశాల ఊళ్ళ పేర్లు వెతుక్కోవడానికి అలాంటి పుస్తకం ఒకటి వచ్చింది, ఆ పేరే తర్వాత అలాంటి పుస్తకాలన్నిటికీ అంటుకుంది.

పారిష్ అంటే ఏమిటి? పంచాయతీనా, మండలమా, చర్చా?

మూడింటిలో తలా కాస్త. మొదట్లో ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళన్నీ కలిపి పారిష్ అనేవాళ్ళు. తర్వాత బడి పెట్టడం (1696 చట్టంతో ప్రతి పారిష్‌లో బడి ఉండాలన్నారు), పేదలకి సాయం చేయడం, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసుకోవడం అన్నీ దాని మీదే పడ్డాయి. 1845లో పేదల చట్టం వచ్చాక పారిష్‌కి విడిగా బోర్డులు ఏర్పడ్డాయి, ఆ బోర్డుల స్థానంలో తర్వాత వచ్చిన పారిష్ కౌన్సిళ్ళు 1930లో రద్దయ్యాయి. అంటే ఇవాళ స్కాట్లాండ్‌లో పారిష్ ఆఫీసుకి వెళ్ళి పని చేయించుకుందామంటే కుదరదు, కానీ పాత రికార్డులన్నీ పారిష్ పేరు మీదే కట్టలు కట్టి ఉన్నాయి కాబట్టి ఆ పేరు తెలియకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. సైజు విషయంలో మాత్రం మన ఊరి లెక్క వేసుకోవద్దు. కిల్డోనన్ లాంటి హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండ ప్రాంతం) పారిష్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవాలంటే రోజు సరిపోదు, మధ్యలో ఊళ్ళ కంటే బురద నేలలూ గుట్టలూ సరస్సులే ఎక్కువ.

ఇన్ని పారిష్‌లు ఉండగా కిల్డోననే ఎందుకు?

గెజిటీర్ చదవడం నేర్పడానికి ఇంతకంటే మంచి ఊరు నాకు కనపడలేదు, అందుకు. సదర్లాండ్ కౌంటీలో, స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉంది. హెల్మ్స్‌డేల్ నది పారే పొడవాటి లోయ దీని నడుము. ఇలాంటి వెడల్పాటి నదీ లోయని అక్కడ స్ట్రాత్ అంటారు. ఆ నదినీ లోయనీ గేలిక్ భాషలో ఇలీ అని పిలిచేవాళ్ళు, అందుకే పాత పుస్తకాల్లో స్ట్రాత్ ఉలీ అని కనపడినా ఖంగారు పడక్కర్లేదు. చుట్టూ లోత్, క్లైన్, ఫార్, రే, లాథెరన్ పారిష్‌లు. గన్ వంశం వాళ్ళ పాత నేల ఇది. గొర్రెల కోసం జనాన్ని ఖాళీ చేయించడం, బంగారం కోసం పరుగు, కెనడా వలస, రైలు రావడం, సరిహద్దు మారడం అన్నీ ఒకే నూరేళ్ళలో జరిగాయి, ప్రతి ఒక్కటీ గెజిటీరులో ఒకటి రెండు వాక్యాల్లో నక్కి ఉంటుంది.

అసలు చూడాల్సిన పుస్తకాలు ఏవి?

అన్నీ ఒకే రకం కావు, ఇది ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మొదటిది 1791 నుంచి 1799 వరకు 21 సంపుటాలుగా వచ్చిన స్టాటిస్టికల్ అకౌంట్, దీన్ని ఇప్పుడు పాత అకౌంట్ అంటారు. రెండోది 1834 నుంచి 1845 వరకు 15 సంపుటాలుగా వచ్చిన కొత్త అకౌంట్. ఈ రెండూ నిజానికి గెజిటీర్లు కావు. పారిష్ మినిస్టర్లు, అంటే చర్చి పాస్టర్లు, తమ ఊరి గురించి తామే రాసి పంపినవి. ఆ తర్వాత వచ్చినవి అసలైన గెజిటీర్లు. శామ్యూల్ లూయిస్ 1846లో తెచ్చింది ఒకటి, జాన్ మారియస్ విల్సన్ 1850ల్లో తెచ్చింది ఒకటి, ఫ్రాన్సిస్ గ్రూమ్ 1882–85 మధ్య ఆరు సంపుటాల్లో తెచ్చింది ఒకటి. వీళ్ళు ప్రతి ఊరికీ వెళ్ళి చూసి రాసినవాళ్ళు కారు, చాలా వరకు ఆ రెండు అకౌంట్లనీ సెన్సస్‌నీ మ్యాపులనీ కుదించి రాశారు. అందుకే మూడు గెజిటీర్లూ ఒకే మాట చెప్తున్నాయంటే దానికి ముగ్గురు సాక్షులు ఉన్నట్టు కాదు. ఒక్క సాక్షి మాటనే ముగ్గురు చెప్తున్నారేమో చూసుకోవాలి.

ఒక్కటే చదివే ఓపిక ఉంటే గ్రూమ్ చదవండి. రెండు చదవగలిగితే గ్రూమ్‌తో పాటు పాత అకౌంట్ పెట్టుకోండి, మధ్యలో తొంభై ఏళ్ళ తేడా ఉంటుంది కాబట్టి ఏం మాయమైందో కళ్ళకి కడుతుంది.

మినిస్టర్లు పనికట్టుకుని ఇవన్నీ ఎందుకు రాశారు?

సర్ జాన్ సింక్లెయిర్ అనే పెద్దమనిషి వాళ్ళని వదల్లేదు కాబట్టి. ఈయనది కిల్డోనన్ పక్కనే ఉన్న కెయిత్‌నెస్ కౌంటీ, పుట్టింది 1754లో థర్సోలో. 1790లో దేశంలోని పారిష్ మినిస్టర్లందరికీ 160కి పైగా ప్రశ్నలున్న కాగితం పంపించాడు. మీ పారిష్ పేరుకి అర్థం ఏమిటి, నేల ఎలాంటిది, వయసుల వారీగా జనం ఎంత, ఏయే వృత్తుల వాళ్ళు ఎంతమంది, నాగళ్ళెన్ని, పశువులెన్ని, కూలి ఎంత, తిండి ధరలెంత. కొందరు వెంటనే రాశారు, కొందరు పట్టించుకోలేదు. మళ్ళీ రాశాడు, మళ్ళీ మళ్ళీ రాశాడు, ఇక లాభం లేదనుకుని మిగిలిన పారిష్‌లకి తన మనుషుల్నే పంపాడు. అలా తొమ్మిది వందలకి పైగా పారిష్‌ల వివరాలు పోగయ్యాయి. స్టాటిస్టిక్స్ అనే మాటని ఇంగ్లిష్‌లో వాడుకలోకి తెచ్చినవాళ్ళలో ఈయనే ముఖ్యుడు. జర్మనీలో ఆ మాటకి రాజ్య బలం లెక్కించడం అని అర్థమైతే, తాను మాత్రం జనం ఎంత సుఖంగా ఉన్నారో కొలవడానికి వాడుతున్నానని చెప్పుకున్నాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది, నాకు ఎప్పుడూ గుర్తుండిపోయేది. అదే సింక్లెయిర్ 1790ల్లో కిల్డోనన్‌కి ఆనుకునే ఉన్న లాంగ్‌వెల్ అనే తన ఎస్టేటుకి షెవియట్ జాతి గొర్రెల్ని తెప్పించాడు. ఆ జాతి ఉత్తరాది చలికి తట్టుకుని బతుకుతుందని అక్కడ రుజువైంది. అంటే ఈ ప్రాంతంలో జనం ఎంత సుఖంగా ఉన్నారో లెక్క తీసిన చేతులే, ఇరవై ఏళ్ళు తిరక్కుండా ఆ జనాన్ని లేపేసి లోయలో నింపిన గొర్రెల్ని కూడా తెచ్చాయి. ఆయన స్వయంగా జనాన్ని ఒక్కసారిగా వెళ్ళగొట్టడం తప్పని రాసినవాడే, అది కూడా చెప్పాలి.

1811లో జనాభా 1,574, 1831లో 257 అని ఉంది. అచ్చుతప్పా?

తప్పు కాదు. ఈ పేజీలో అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సింది కూడా ఇదే.

ఆ లోయ అంతా సదర్లాండ్ కౌంటెస్ ఎలిజబెత్‌ది, ఆమె భర్త స్టాఫర్డ్ ప్రభువు (1833లో ఈయన సదర్లాండ్ డ్యూక్ అయ్యాడు). లోపలి లోయలు గొర్రెలకి కౌలుకి ఇస్తే వచ్చే డబ్బు, చిన్న రైతులు కట్టే శిస్తు కంటే చాలా ఎక్కువ. అందుకని లోయలో ఉన్న కుటుంబాలని లేపి సముద్రం ఒడ్డున చిన్న చిన్న ముక్కలు ఇచ్చి, చేపలు పట్టుకోండి అన్నారు. చేపల వేట ఎరగని పశువుల పెంపకందార్లకి. కిల్డోనన్‌లో ఇది 1813లో మొదలైంది. ఆ ఏడాది మొదట్లో నేల చూడటానికి వచ్చిన గొర్రెల వ్యాపారుల్ని జనం అడ్డుకున్నారు, ఎస్టేటు వాళ్ళు సైన్యాన్ని పిలిపించారు. 1819లో మిగిలిన చాలా ఊళ్ళు కూడా ఖాళీ అయ్యాయి. పక్క పారిష్ ఫార్‌లోని స్ట్రాత్‌నేవర్‌లో 1814లో ఇళ్ళు తగలబెట్టారన్న అభియోగంపై ప్యాట్రిక్ సెల్లర్ అనే ఎస్టేటు మనిషి మీద 1816లో ఇన్వర్‌నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని తేల్చారు.

ఇదంతా గెజిటీరులో ఎలా ఉంటుందంటే, లోయ అంతా పెద్ద గొర్రెల ఫారాలుగా మారింది, జనం తీరానికి చేరారు అన్నంత చప్పగా. క్రియాపదాలు చూడండి. మారింది, చేరారు. మార్చినవాడు వాక్యంలో కనపడడు. పాత గెజిటీరులో ఇలా కర్త లేని వాక్యం ఎక్కడ కనపడినా ఆగి, రెండు జనాభా అంకెల మధ్య తేడా చూడండి, వాక్యం దాచింది అంకె చెప్పేస్తుంది.

మరి 1851 నాటికి రెండు వేలు దాటిందే! జనం తిరిగొచ్చారా?

రాలేదు. నేనూ మొదట ఇక్కడే బోల్తా పడ్డాను, ఖాళీ అయిన ఊళ్ళు మళ్ళీ నిండాయని సంతోషపడ్డాను కూడా.

జరిగింది వేరు. హెల్మ్స్‌డేల్ అనే రేవు ఊరు నది సముద్రంలో కలిసే చోట ఉంది. 1814 నుంచి ఎస్టేటు వాళ్ళు దాన్ని వీధులు గీసి మరీ కట్టించారు, హెర్రింగ్ చేపల కోసం. లోయలోంచి లేపేసిన వాళ్ళలో కొందరు చేరింది ఇక్కడికే. అప్పుడు హెల్మ్స్‌డేల్ ఉన్నది లోత్ పారిష్‌లో. తర్వాత 1840ల్లో లోత్‌లోని ఆ భాగాన్ని తీసి కిల్డోనన్‌లో కలిపారు. అంతే, కాగితం మీద కిల్డోనన్ జనాభా ఒక్కసారిగా ఎనిమిది రెట్లు అయింది, లోయలో మాత్రం గొర్రెలే మేస్తున్నాయి. కాబట్టి 1841కి ముందు హెల్మ్స్‌డేల్ గురించి కావాలంటే లోత్ కింద వెతకాలి, 1851 నుంచి కిల్డోనన్ కింద. కొత్త అకౌంట్‌లో కూడా హెల్మ్స్‌డేల్ సంగతులు లోత్ కిందే ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మా పూర్వీకుల రికార్డే లేదు అని వదిలేస్తుంటారు.

ఇలాంటి సరిహద్దు మార్పులు దేశమంతటా జరిగాయి. 1889 చట్టం తర్వాత ఒక కమిషన్ కూర్చుని, ఒక పారిష్‌కి చెంది ఇంకో పారిష్ మధ్యలో ఉండిపోయిన తునకల్ని సర్దింది. అందుకని 1891కి అటూ ఇటూ ఉన్న అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేముందు రెండూ ఒకే గీత లోపలివేనా అని చూసుకోవాలి. మన దగ్గర జిల్లాలు విడదీసిన తర్వాత పాత జిల్లా లెక్కల్ని కొత్త జిల్లా లెక్కలతో పోల్చి వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు కదా, అదే తప్పు.

మినిస్టరు చదువుకున్న మనిషి, ఊళ్ళోనే ఉంటాడు. ఆయన రాసింది నమ్మొచ్చా?

నేల, వాన, పంటలు, పురాతన సమాధులు, పేర్ల అర్థాలు, ఇలాంటి వాటిలో నమ్మొచ్చు (పేర్ల అర్థాల్లో మరీ ఎక్కువ కాదు, ఊహలు బాగా కలిపేవాళ్ళు). భూమి యజమాని గురించి రాసింది మాత్రం జాగ్రత్తగా చదవాలి. మినిస్టరు జీతం కట్టేది పారిష్‌లోని భూస్వాములు. ఆయన ఇల్లు కట్టించేదీ వాళ్ళే. చాలా పారిష్‌లలో ఎవరిని మినిస్టరుగా పెట్టాలో చెప్పే హక్కు కూడా భూస్వామిదే, 1712 చట్టం నుంచి 1874 దాకా. కిల్డోనన్‌లో ఆ భూస్వామి ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా. జమీందారు దయతో బతికే పురోహితుడు జమీందారు గురించి పుస్తకంలో ఏం రాస్తాడో మనకి తెలియనిది కాదు.

అయినా అందరూ ఒకేలా లేరు. కిల్డోనన్‌లో 1787 నుంచి 1824 వరకు మినిస్టరుగా ఉన్న అలెగ్జాండర్ సేజ్ కొడుకు డొనాల్డ్ సేజ్ ఆ ఇంట్లోనే 1789లో పుట్టాడు, తర్వాత తనూ మతబోధకుడయ్యాడు. 1819లో స్ట్రాత్‌నేవర్‌లో తన దగ్గర ప్రార్థనకి వచ్చే జనమంతా ఖాళీ అయిపోవడం కళ్ళారా చూశాడు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలు ఆయన పోయాక 1889లో అచ్చయ్యాయి. గెజిటీరులో రెండు వాక్యాలు చదివి, పక్కన అది పెట్టుకుని చదివితే నోట మాట రాదు. అవతలి పక్షం కూడా కావాలంటే ఎస్టేటు వ్యవహారాలు చూసిన జేమ్స్ లాక్ 1820లో రాసిన సమర్థన ఉంది, తాము చేసిందంతా అభివృద్ధేనని ఆయన వాదన. రెండూ చదవండి.

గ్రూమ్‌లో కిల్డోనన్ అని వెతికితే నాలుగైదు వచ్చాయి. నాది ఏది?

కిల్ అంటే గేలిక్‌లో చర్చి, డొనాన్ అనే సాధువు చర్చి ఉన్న ప్రతి చోటా ఆ పేరే. ఆ సాధువుని 617లో ఎయిగ్ దీవిలో చంపారు, అక్కడా ఒక కిల్డోనన్ ఉంది. ఆరన్ దీవిలో ఉంది, సౌత్ యూయిస్ట్ దీవిలో ఉంది, ఎయిర్‌షైర్‌లో ఉంది. మన వైపు రామాపురాల్లాగా అన్నమాట. కౌంటీ పేరు లేకుండా ఊరి పేరు ఎక్కడా రాసుకోవద్దు, ఇది మొదటి రోజే అలవాటు చేసుకోండి.

స్పెల్లింగు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందేంటి?

జనం మాట్లాడింది గేలిక్, రాసినవాళ్ళు ఇంగ్లిష్ చదువుకున్నవాళ్ళు, అందుకని చెవికి ఎలా వినపడితే అలా రాశారు. దీని కింద ఇంకో పొర కూడా ఉంది, వైకింగుల నార్స్ భాష. హెల్మ్స్‌డేల్‌లోని డేల్ నార్స్ మాట, లోయ అని. కిల్, బాల్, అక్, ఇన్వర్ అని మొదలయ్యేవి గేలిక్. వరసగా చర్చి, ఊరు, పొలం, నది కలిసే చోటు. మన పాడు, పాలెం, కుంట, గూడెం లాంటివే, ఇలాంటి నాలుగు ముక్కలు గుర్తు పెట్టుకుంటే మ్యాపు మాట్లాడటం మొదలుపెడుతుంది.

స్పెల్లింగు తగాదా తేలాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ నేమ్ బుక్స్ చూడాలి. మ్యాపు గీసేటప్పుడు సర్వేయర్లు ప్రతి ఇంటి పేరు, వాగు పేరు, గుట్ట పేరు రాసుకుని, దానికి ఎన్ని స్పెల్లింగులున్నాయో, ఆ స్పెల్లింగు ఎవరు చెప్పారో, అది ఎలాంటి చోటో వరసగా రాశారు. సదర్లాండ్‌లో ఇది 1870ల్లో జరిగింది. ఎవరి మాట పట్టారన్నది గమనించండి, ఎక్కువ చోట్ల భూస్వామిది, ఎస్టేటు మేనేజరుది, మినిస్టరుది, బడిపంతులుది. గొర్రెల కాపరిని అడిగినది తక్కువ. శిథిలాలు అని రాసిన చోట్లన్నీ ఒకప్పటి ఇళ్ళే.

ఈ పుస్తకాల్లో నాకు అర్థం కాని మాటలు చాలా ఉన్నాయి.

ముఖ్యమైనవి చెప్తాను, మిగతావి చదువుతూ పోతే వాటంతటవే వస్తాయి.

హెరిటర్ అంటే పారిష్‌లో భూమి ఉన్న యజమాని, చర్చి, బడి ఖర్చులు వీళ్ళ మీదే. ఫ్యాక్టర్ అంటే కర్మాగారం కాదు, ఎస్టేటు నడిపే మనిషి, మన జమీందారీ దివాన్లాగా. ట్యాక్స్‌మన్ పన్నులు వసూలు చేసేవాడు కాదు, ట్యాక్ అంటే కౌలు పత్రం, దొర దగ్గర పెద్ద కమతం కౌలుకి తీసుకుని దాన్ని చిన్న రైతులకి మళ్ళీ ఇచ్చే మధ్య కౌలుదారు. మాన్స్ అంటే మినిస్టరు ఇల్లు, గ్లీబ్ అంటే ఆయన సాగు కోసం వదిలిన మాన్యం, మన గుడి మాన్యం గుర్తుకొస్తే సరిగ్గా అర్థమైనట్టే. షీలింగ్ అంటే వేసవిలో పశువుల్ని కొండలపైకి తోలుకెళ్ళినప్పుడు ఉండే గుడిసె. క్వోడ్ సాక్రా పారిష్ అంటే చర్చి పనుల వరకే పారిష్, సెన్సస్‌కీ పన్నులకీ కాదు. ఈ చివరిది పట్టించుకోకపోతే జనాభా అంకెలు తికమక అవుతాయి, ఒకే ఊరికి రెండు అంకెలు కనపడతాయి.

డబ్బు, కొలతలు?

పాత కాగితాల్లో పౌండు స్కాట్స్ అని ఉంటే అది ఇంగ్లిష్ పౌండులో పన్నెండో వంతే. మెర్క్ అంటే స్కాట్స్ డబ్బులో 13 షిల్లింగుల 4 పెన్నీలు. మినిస్టరు జీతం ధాన్యంలో చెప్తారు, బోల్, చాల్డర్ అని, 16 బోళ్ళు ఒక చాల్డర్. స్కాట్స్ ఎకరం ఇంగ్లిష్ ఎకరం కంటే దాదాపు నాలుగో వంతు పెద్దది, స్కాట్స్ మైలు కూడా పెద్దదే. 1824 చట్టంతో ఇవన్నీ పోయాయి, పోయాయని చట్టం అనుకుంది. జనం ఇంకా చాన్నాళ్ళు వాడారు.

బంగారం కథ నిజమా?

నిజమే. నదిలో ఒక ముక్క 1818లోనే దొరికింది, అప్పుడెవరూ పెద్దగా కదల్లేదు. 1868 చివర్లో రాబర్ట్ గిల్‌క్రిస్ట్ అనే అతను, కిల్డోనన్‌వాడే, ఆస్ట్రేలియా బంగారు గనుల్లో చాలా ఏళ్ళు పని చేసి తిరిగొచ్చి, ఊరి వాగుల్లో వెతికితే బంగారం కనపడింది. వార్త పత్రికల్లో పడింది, 1869 వసంతానికి వందల మంది దిగారు. వాగు ఒడ్డున గుడారాలు, చెక్క గుడిసెలు లేచాయి. ఆ చోటు పేరు బాలనోర్, గేలిక్‌లో బంగారం ఊరు. అప్పటి సదర్లాండ్ డ్యూక్ ఊరుకుంటాడా, నెలకి ఒక పౌండు లైసెన్సు, దొరికిన దాంట్లో పదో వంతు రాయల్టీ. ఇంకోవైపు గొర్రెల ఫారాల వాళ్ళు తమ మేత పాడవుతోందని గోల, వేటగాళ్ళు జింకలు, సాల్మన్ చేపలు బెదురుతున్నాయని గోల. ఆ ఏడాది చివరికి డ్యూక్ లైసెన్సులు ఆపేశాడు, ఊరు లేచిపోయింది.

గెజిటీరు సంగతికొస్తే, 1846 లూయిస్‌లో ఇదేదీ ఉండే అవకాశమే లేదు, గ్రూమ్‌లో పాత కబురుగా వస్తుంది. 1871 సెన్సస్‌లో ఆ గుడారాల జనాన్ని వెతికినా దొరకరు. ఒక ఊరు రెండు సెన్సస్‌ల మధ్యలో పుట్టి పోతే అంకెల్లో దాని ఆనవాలే ఉండదు, బాలనోర్ అలాంటిదే.

రైలు ఎప్పుడొచ్చింది?

హెల్మ్స్‌డేల్ వరకు 1871లో, అక్కడి నుంచి లోయలోకి తిరిగి కిల్డోనన్, కిన్‌బ్రేస్, ఫోర్సినార్డ్ మీదుగా విక్, థర్సోలకి 1874లో. తీరం వెంట ఆర్డ్ అనే కొండ అడ్డం, అందుకే లోపలికి తిరిగింది. జనం వెళ్ళిపోయిన లోయలోకి రైలు వచ్చిందన్నమాట. గెజిటీరు సంచికకి తేదీ లేకపోతే స్టేషను ఉందో లేదో చూసి కాలం కట్టొచ్చు, చిన్న కిటుకు.

గెజిటీరులో మా ముత్తాత పేరు ఉంటుందా?

భూస్వామి అయితే ఉంటుంది. లేకపోతే ఉండదు. స్కాట్లాండ్ వంశం వాళ్ళని పెళ్ళి చేసుకున్న మనవాళ్ళు, పిల్లల బడి ప్రాజెక్టు కోసమో అత్తగారి ముచ్చట కోసమో ఈ ప్రశ్న అడుగుతుంటారు. మనుషుల కోసం వేరే రికార్డులు ఉన్నాయి. 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ నమోదు తప్పనిసరి. మొదటి సంవత్సరం 1855 సర్టిఫికెట్లలో ఉన్నన్ని వివరాలు తర్వాత లేవు, అన్ని వివరాలు రాయలేక మరుసటి ఏడే కుదించారు. అంతకు ముందువి పాత పారిష్ రిజిస్టర్లలో ఉంటాయి, కానీ 1843 తర్వాత జాగ్రత్త. ఆ ఏడాది చర్చి రెండుగా చీలింది, నాలుగు వందలకి పైగా మినిస్టర్లు బయటికి వచ్చి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు, హైలాండ్స్‌లో జనం గుంపులు గుంపులుగా వాళ్ళ వెంట వెళ్ళారు. అలా వెళ్ళిన కుటుంబం బాప్తిస్మం పారిష్ రిజిస్టరులో లేకపోవచ్చు. సెన్సస్‌లో పేర్లు 1841 నుంచి దొరుకుతాయి.

గెజిటీరు ఉపయోగం ఇక్కడే. ముత్తాత పేరు చెప్పదు గానీ, ఆయన ఊరు ఏ సంవత్సరంలో ఏ పారిష్ కిందికి వచ్చిందో చెప్తుంది. అది తెలిస్తేనే రిజిస్టరు దొరుకుతుంది.

ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయా, డబ్బులు కట్టాలా?

చాలా వరకు ఫ్రీ. రెండు స్టాటిస్టికల్ అకౌంట్లూ ఆన్‌లైన్‌లో స్కాన్లుగా చదువుకోవచ్చు. పాత మ్యాపులు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైటులో ఉన్నాయి, 1747–55 నాటి రాయ్ సైనిక సర్వే దగ్గర్నుంచి మైలుకి ఆరంగుళాల కొలతతో గీసిన ఆర్డ్‌నెన్స్ మ్యాపుల వరకు, వాటిని ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం మీద పెట్టి పారదర్శకంగా జరుపుకుంటూ చూడొచ్చు, ఒకసారి మొదలుపెడితే అర్ధరాత్రి అయిపోతుంది. నేమ్ బుక్స్ కూడా ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, గ్రూమ్ పాఠం గెజిటీర్ ఫర్ స్కాట్లాండ్, విజన్ ఆఫ్ బ్రిటన్ అనే సైట్లలో. డబ్బులు కట్టాల్సింది స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ రికార్డుల సైటులో, రిజిస్టరు బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. వందేళ్ళలోపు పుట్టుకలు, 75 ఏళ్ళలోపు పెళ్ళిళ్ళు, 50 ఏళ్ళలోపు మరణాల బొమ్మలు ఆన్‌లైన్‌లో చూపించరు. ముందు ఫ్రీవి అన్నీ చదివి పారిష్ ఖాయం చేసుకున్నాకే క్రెడిట్లు కొనండి, లేదంటే తప్పు కిల్డోనన్ మీద డబ్బులు పోస్తారు.

మనకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, గట్టిదే. సింక్లెయిర్ స్కాట్లాండ్ మినిస్టర్లకి ప్రశ్నలు పంపుతున్న రోజుల్లోనే లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టిన కాలిన్ మెకంజీ మన దగ్గర సర్వేలు చేస్తున్నాడు. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిల సాయంతో ఆయన పోగు చేయించినవే మనం కైఫియత్తులు అంటున్నవి. అక్కడ పాస్టరు రాసి పంపాడు, ఇక్కడ కరణం తన కవిలె తీసి చెప్పాడు. ఊరి పేరెలా వచ్చింది, ఎవరెవరు ఏలారు, గుడి మాన్యం ఎంత. ఒకరిని చూసి ఇంకొకరు చేశారని నేను అనడం లేదు, కానీ పాత అకౌంట్‌లో ఒక పారిష్, కైఫియత్తుల్లో ఒక గ్రామం పక్కపక్కన పెట్టి చదివితే దూరపు చుట్టాల్లా అనిపిస్తాయి. కైఫియత్తే నాకు ఎక్కువ నచ్చుతుంది, అందులో కథలూ తగాదాలూ ఉంటాయి, మినిస్టరు మరీ ఒద్దికగా రాస్తాడు. ఆ తర్వాత 1881లో ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా తెచ్చిన విలియం విల్సన్ హంటర్‌ది కూడా గ్లాస్గోనే.

కెనడాలోని కిల్డోనన్ ఇదేనా?

ఇదే. 1813లో లోయ ఖాళీ చేస్తున్నప్పుడు సెల్కిర్క్ ప్రభువు కెనడాలో రెడ్ రివర్ దగ్గర భూములిస్తానన్నాడు. దాదాపు 700 మంది వస్తామన్నారు, ఓడలో చోటు దొరికింది వంద మందిలోపే. ఆర్క్నీ దీవుల్లోని స్ట్రామ్‌నెస్ నుంచి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే ఓడ ఎక్కారు. దారిలో టైఫస్ జ్వరం పాకి కొందరు పోయారు. ఓడ వాళ్ళని చేరాల్సిన చోటికి కాకుండా హడ్సన్ అఖాతంలో చర్చిల్ దగ్గర దింపేసింది. చలికాలం అక్కడే గుడిసెలేసుకుని గడిపి, 1814 వసంతంలో మంచు చెప్పులు కట్టుకుని యార్క్ ఫ్యాక్టరీ అనే వర్తక స్థావరం దాకా నడిచారు, ఆ వేసవికి రెడ్ రివర్ చేరారు. 1817లో సెల్కిర్క్ వచ్చినప్పుడు వాళ్ళ ఊరికి పాత పారిష్ పేరే పెట్టారు. ఇప్పుడది విన్నిపెగ్ నగరంలో కలిసిపోయింది. వెస్ట్ కిల్డోనన్, ఈస్ట్ కిల్డోనన్ అని పేటల పేర్లుగా మిగిలింది. విన్నిపెగ్‌లో ఉన్న మనవాళ్ళు రోజూ బస్సు బోర్డు మీద చూసే పేరు అదే. స్కాట్లాండ్ వైపు కిల్డోనన్ స్టేషనులో మాత్రం రైలు ఊరికే ఆగదు, దిగాలంటే ముందే చెప్పాలి.